ఎస్తేరు టీచరుగారి కునుకు

కొత్తపేటలో నాటిక పోటీలు. మధ్యాహ్నం రెండో నాటిక నడుస్తోంది. న్యాయనిర్ణేతలకు వేసిన కుర్చీలో, నడుంనొప్పికి వెనక ఓ దిండు పెట్టుకుని, నేను న్యాయంగానే చూస్తున్నాను. నిర్ణయం మాత్రం ఇంకా తోచలేదు. వేదిక మీద ఒక కుర్రాడు లోకాన్ని నిలదీస్తున్నాడు. నా వెనక వరసలోంచి సన్నగా గురక వినిపించింది. మొహమాటంగా మొదలై, కాస్త తడబడి, తరవాత దారిలో పడి, కాలవలో పడవ వెళుతున్నంత నిమ్మళంగా సాగింది. నిర్వాహకుల్లో ఒకాయన వంగి, నా చెవి దగ్గర, "లేపేయమంటారాండీ?" అని అడిగారు. నాటిక జరుగుతుండగా గురక వింటే ఎవరికైనా చిరాకు రావాలి. నాకు ఎస్తేరు టీచరుగారు జ్ఞాపకం వచ్చారు.

ఆవిణ్ణి మీరు ఎరగరు. నగరం ఊళ్ళో, కొబ్బరితోట మధ్యన పెంకుటిల్లు వాళ్ళది. తాతలు ఎవరెవరి చేలల్లోనో కూలికి వెళ్ళినవాళ్ళు. తండ్రి మిషన్ బళ్ళో చదువుకుని అదే బళ్ళో పంతులయ్యారు. ఆవిడ ఆ బళ్ళోనే తెలుగు చెప్పేవారు. నాకూ చెప్పారు, వచ్చినంత వచ్చింది. ఏటా క్రిస్మసుకి చర్చిలో పిల్లల చేత వేయించే నాటకం ఆవిడే రాసేవారు. అందులో గొర్రెల కాపరులకి ఒక్కొక్క ముక్కే మాట ఉండేది. కారణం అడిగితే, "కాపరి వేషం వేసే పిల్లలు నిలబడే నిద్రపోతారు బాబూ, పెద్ద మాట ఇస్తే మధ్యలో పడిపోతారు" అన్నారు. రచన గురించి నేను విన్న మొదటి పాఠం అదే. అప్పుడది పాఠమని తెలియలేదు.

డెబ్బైల్లో నేను మామిడికుదురులో గుమాస్తా ఉద్యోగంలో చేరాను. పగలు ప్రభుత్వానికి రాసేవాణ్ణి, సాయంత్రాలు ప్రజలకి రాసేవాణ్ణి. చదివి సంతోషించినవాళ్ళు ఇటూ లేరు, అటూ లేరు. అమలాపురంలో ఏటా వేసవిలో నాటిక పోటీలు జరిగేవి. ఎక్కడా ఆడని కొత్త రచన కావాలి. కార్బను కాగితాలు పెట్టి ప్రతులు తీసి, గడువు తేదీ సాయంత్రంలోగా అందజేయాలి. అక్కడి పెద్దలు చదివి, బాగున్నవాటినే వేదిక ఎక్కనిచ్చేవారు. మా ఆఫీసులోనే పనిచేసే మూర్తి మా బృందానికి హీరో. ముఖానికి రంగు వేసుకోవడానికి వాడెప్పుడూ సిద్ధమే, నా నాటికలే రంగానికి సిద్ధంగా ఉండేవి కావు. పంపిన కవరు పంపినట్టే తిరిగొచ్చేది. నా రచనలకి దక్కిన చప్పుడల్లా పోస్టాఫీసులో ముద్ర కొట్టిన చప్పుడే.

విసిగిపోయి, ఒక శనివారం ఒంటిపూట ఆఫీసయ్యాక, కాగితాలు పట్టుకుని టీచరుగారింటికి వెళ్ళాను. భోజనాలై, ఆవిడ అరుగు మీద గోడకి చేరబడి కూర్చున్నారు. పక్కన పడక కుర్చీలో భర్త దానియేలుగారు. ఆయన కాలవ లాకుల దగ్గర పనిచేసి రిటైరైన మనిషి. ఏ వేళ ఏ పడవ వచ్చి కేక పెట్టినా లేచి తలుపులు ఎత్తిన ఉద్యోగం కావడంతో నిద్ర తేలిక, మాట కూడా తేలికే. నేను బాబాయిగారండీ అనేవాణ్ణి.

"చదువు బాబూ" అన్నారు టీచరుగారు, కళ్ళు మూసుకుని.

నేను గొంతు సవరించుకుని మొదలుపెట్టాను. రెండో పేజీ తిప్పేసరికి ఆవిడ తల గోడ మీద ఒరిగిపోయింది. నేను ఆగిపోయాను. బాబాయిగారు ఆవిడ వైపు చూసి, గొంతు బాగా తగ్గించి, "నువ్వు పడుకో ఎస్తేరూ, నేను మెలకువగానే ఉన్నాను" అన్నారు. ఆ మాట ఆయనకి అలవాటు. లాకుల దగ్గర ఉన్నన్నాళ్ళూ పడవ కేక వినబడినప్పుడల్లా అదే మాట అని బయటికి వెళ్ళేవారట. తరవాత నా వైపు తిరిగి, "ఏవయ్యా రచయితా, ఎక్కడ పడుకుందో అక్కడ ఓ గీటు పెట్టుకో. అది తీసెయ్యాల్సిన చోటు" అన్నారు.

లేచాక టీచరుగారు నొచ్చుకున్నారు. "పొద్దున్నించీ ఆ పిల్లలతో అరిచి అరిచి ఒళ్ళు పులిసిపోయింది. నీ తప్పు కాదులే." వేయించిన పనసగింజలు నా ముందుకి జరిపి, మళ్ళీ అన్నారు. "నీ తప్పేనేమో కూడాను. పోటీలకొచ్చి కూర్చునేవాళ్ళు మాత్రం? ఊడ్పులు ఊడ్చో, కొబ్బరి వలిచో, నాలా బళ్ళో అరిచో వచ్చేవాళ్ళేగా. వాళ్ళకి నిద్ర బాకీ ఉంటుంది బాబూ. దాన్ని ఆపి మరీ వినాలంటే నీ దగ్గర ఏదో ఉండాలి."

అలా మొదలైంది మా పద్ధతి. ఏ ఏటికా ఏడు నాటిక రాయడం, శనివారం మధ్యాహ్నం ఆ అరుగు మీద చదవడం, ఆవిడ కునికిన చోట గీటు పెట్టడం. నేను విషాదాంతమనుకుని రాసినవి ఆ అరుగు మీద సుఖనిద్రాంతాలయ్యేవి. వేదిక మీద తెర లేవకముందే ఆవిడ రెప్పలు పడేవి. ఒకసారి నా కథానాయకుడు దేశం ఎలా బాగుపడాలో ఊపిరి తీసుకోకుండా చెప్పాడు. చదివి తలెత్తితే బాబాయిగారు వేలు పెదాల మీద పెట్టుకుని ఉన్నారు. "దేశం బాగుపడింది గానీ ఆవిడ పడుకుండిపోయింది" అన్నారు. దేశాన్ని తీసేశాను. ఇంకోసారి, కథలోకి ఒక పోలీసు వచ్చి అందర్నీ మందలిస్తే, "ఆ పోలీసుని ట్రాన్స్‌ఫర్ చేయించెయ్యవయ్యా బాబూ, నీకు పుణ్యం ఉంటుంది" అన్నారు. చేయించేశాను. కాగితాలు పలచబడుతూ వచ్చాయి, ఆవిడ మేలుకుని ఉండే సేపు పెరుగుతూ వచ్చింది. కానీ చివరి దాకా మేలుకోవడం మాత్రం జరగలేదు. అమలాపురం వాళ్ళు ఎంపిక చెయ్యడమూ జరగలేదు. ఆవిడ రెప్పకీ ఆ పెద్దల తీర్పుకీ తేడా రాకపోవడంతో మూర్తికి కూడా ఆ పరీక్ష మీద నమ్మకం కుదిరింది. "టీచరుగారు పడుకోని నాటిక రాసిన్రోజున చెప్పరా, అప్పుడు మీసం తీయించుకుంటా" అనేవాడు.

ఎనభైలు వచ్చాక, ఒక ముసురు రోజున దానియేలుగారు పోయారు. ముందు రోజు వరకూ బాగానే ఉన్నారు. ఆ ఏడు వెళ్ళాలా వద్దా అని చాలా తటపటాయించాను. చివరికి టీచరుగారే కబురంపారు: "నాటిక రాయలేదా? శనివారాలు మరీ పొడుగైపోతున్నాయి."

వెళ్ళి చదివాను. పడక కుర్చీ ఉన్నచోటే ఉంది. ఆవిడ గోడకి చేరబడలేదు, నిటారుగా కూర్చున్నారు. మొదటి పేజీ, రెండో పేజీ, సగం, ముప్పావు. రెప్ప వెయ్యలేదు. చివరి మాట చదివి తలెత్తితే ఆవిడ కళ్ళు విప్పార్చుకుని నా వైపే చూస్తున్నారు. నాకు ఒళ్ళు పులకరించింది. ఏమీ అడగలేదు. అడగడానికి ఇంకేముంది? సైకిలు మీద వంతెన దిగుతూ పాట పాడుకున్నాను. నేను పాడటం ఎంత ప్రమాదమో విన్నవాళ్ళకి తెలుసు.

ఆ ఏడు పెద్దలు కూడా ఎందుకో ఎంపిక చేశారు. మూర్తి మీసం తీయించుకున్నాడు. అమలాపురంలో దీపాలు పెట్టే వేళకి మాదే మొదటి నాటిక. పక్క తెర చాటున నిలబడి జనాన్ని చూశాను. కాసేపటికి ఒకాయన ఆవలించారు. ఆవలింత అంటువ్యాధి, వరస వరసంతా పాకింది. వెనకాల వాళ్ళు టీ తాగడానికి లేచారు. ముందు వరసలో పెద్దాయన ఒకరు నిద్రలో పక్కాయన భుజం మీద వాలారు. ఆయన కూడా నిద్రలో ఉండటం వల్ల ఎవరూ ఏమీ అనుకోలేదు. తీర్పు చెప్పినాయన మా నాటిక గురించి, "మాట్లాడటం ఎక్కువ, మాటలు తక్కువ" అని ఊరుకున్నారు. బయటికొచ్చాక మూర్తి బోడి మూతి తడుముకుంటూ, "ఏరా, టీచరుగారు రెప్ప వెయ్యలేదన్నావు. ఇక్కడ జనం రెప్ప ఎత్తలేదు కదరా" అన్నాడు.

మర్నాడు ఆవిడ దగ్గరికి వెళ్ళి జరిగింది చెప్పాను.

"నేను బాగుందన్నానా?" అన్నారు టీచరుగారు.

"లేదండీ."

"మరి?"

"మీరు పడుకోలేదు కదండీ."

ఆవిడ నా మొహంలోకి చూశారు. అప్పుడు గమనించాను, కళ్ళ కింద ఎంత నల్లబడిందో. "పిచ్చివాడా! ఆయన పోయిన కాణ్ణించి నాకు కంటిమీదికి కునుకెక్కడొచ్చింది? పొద్దుటి దాకా ఆ దూలాలు చూస్తూ పడుంటున్నాను. నువ్వు చదివింది ఒక్క ముక్క నా చెవిన పడలేదు. నీ నోరు ఆడుతుంటే చూస్తూ కూర్చున్నాను." అని, మళ్ళీ నవ్వేశారు. బాబాయిగారు పోయాక ఆవిడ నవ్వడం అదే మొదలు. "నాకు నిద్ర పట్టకపోతే నీకు పట్టిందా ఈ ఖర్మ!" అన్నారు. ఇద్దరం నవ్వాం. నవ్వడానికి కూడా ఆవిడకి ఓపిక లేదు, నవ్వు మధ్యలోనే ఆగిపోయింది.

ఆ ఏడాది పొడుగునా నేను రాసింది ఒక్కటే నాటిక. లాకుల దగ్గర ఒక మనిషి, ఇంట్లో అతని భార్య, దూరాన్నించి పడవ కేక. అంతే. ఉపన్యాసం లేదు, పోలీసు లేడు. అది బాగుందని నాకే అనిపించింది. అలా అనిపించడం నా అనుభవంలో లేదు. గడువు తేదీ శనివారం పడింది. నగరంలో చదివేసి, పాశర్లపూడి రేవులో పంటు ఎక్కి గోదావరి పాయ దాటి, అవతల బోడసకుర్రులో బస్సు పట్టుకుంటే సాయంత్రానికి అమలాపురంలో ఇచ్చెయ్యవచ్చు. మూర్తి సైకిలుతో వీధిలో నిలబడ్డాడు. "గబగబా కానియ్యరా, పంటు మన కోసం ఆగదు" అన్నాడు.

చదవడం మొదలుపెట్టాను. టీచరుగారు పోయినేడు లాగే నిటారుగా, దూలాల్ని చూస్తూ కూర్చున్నారు. నాటికలో పడవ కేక వినిపిస్తుంది. లాకు మనిషి కండువా తీసుకుని, గుమ్మంలో ఆగి, "నువ్వు పడుకో, నేను మెలకువగానే ఉన్నాను" అంటాడు. ఆ మాట చదివాను. ఆవిడ వీపు మెల్లిగా గోడకి ఆనింది. ఇంకో పేజీ చదివేసరికి తల ఒరిగింది.

మా పద్ధతి ప్రకారం అక్కడ గీటు పెట్టి లేవాలి. ఆగాను. ఆగగానే ఆవిడ కనుబొమ్మ కదిలింది, ఊపిరి లయ తప్పింది. వెంటనే అందుకుని మళ్ళీ చదివాను. ఊపిరి కుదురుకుంది. వీధిలో సైకిలు గంట మోగింది. నేను తల ఊపాను గానీ గొంతు ఆపలేదు. నాటిక అయిపోవచ్చింది. అయిపోతే ఎలా? మళ్ళీ మొదటి పేజీ తీశాను. మూర్తి విసుక్కుంటూ గుమ్మంలోకి వచ్చి, ఆవిణ్ణి చూసి, నన్ను చూసి, చెప్పులు బయటే విడిచి వచ్చి నా పక్కన కూర్చున్నాడు. కాగితంలోకి వంగి, లాకు మనిషి మాటలు వాడు అందుకున్నాడు. వేదికలు అదిరిపోయేలా అరిచే మూర్తి అంత మెత్తగా మాట్లాడగలడని నాకు అప్పటిదాకా తెలియదు. భార్య మాటలు నేను చదివాను. పంటు వెళ్ళిపోయింది. ఎండ అరుగు దిగి తోటలోకి వెళ్ళిపోయింది. మా నోళ్ళు ఎండిపోయాయి.

దీపం పెట్టే వేళకి ఆవిడే కళ్ళు తెరిచారు.

"పడుకుండిపోయేనా బాబూ?"

"ఆయ్."

"ఎక్కడ గీటు పెట్టేవు?"

"పెట్టలేదండీ."

"గడువు ఇవాళే కదూ?"

"అబ్బే, ఈ ఏడు పొడిగించేరటండీ, అక్కడి పెద్దాయనకి ఒంట్లో బాగోలేదట, పైగా పందిరి సామాను కూడా ఇంకా..."

"ఊరుకో. అబద్ధం కూడా పెద్ద డైలాగు పెట్టి రాస్తావు. నిజమైతే ఒక్క ముక్కలో చెప్పేవాడివి." తరవాత పడక కుర్చీ వైపు చూసి, నెమ్మదిగా అన్నారు: "ఆయన మాట పెట్టేవు."

ఆవిడ లేచి మా ఇద్దరికీ చెరో గ్లాసుడు మజ్జిగ తెచ్చిచ్చారు.

మరుసటి ఏడు పంపవచ్చు కదా అని మూర్తి అన్నాడు. ఎక్కడా ఆడని రచనే పంపాలని నిబంధన. అది అప్పటికే నగరంలో, ఆ అరుగు మీద, వీలు చిక్కిన ప్రతి శనివారం ఆడుతోంది. ప్రేక్షకురాలు ఒక్కరే. ఆవిడ ఒక్కసారి కూడా చివరి దాకా చూడలేదు. ఆ తరవాత ఆవిడ పోయేంతవరకూ అది సాగింది. ఆ ప్రతి నలిగి, మడతల దగ్గర చిరిగి, ఇప్పుడు నా దగ్గర కూడా లేదు. పోటీలకి వేరే నాటికలు రాశాను. కొన్ని ఆడాయి, కొన్ని ఓడాయి. రాసేటప్పుడు ఇప్పటికీ ఎదురుగా ఆవిడ గోడకి చేరబడి కూర్చున్నట్టే ఉంటుంది, పొద్దున్నించీ అరిచి అరిచి అలిసిపోయి. ఈ మాట కోసం ఆవిణ్ణి మేలుకోమనడం న్యాయమేనా అని చూసుకుంటాను. చాలా మాటలు అక్కడే రాలిపోతాయి.

వెనక వరసలో గురక ఇంకా సాగుతూనే ఉంది. తిరిగి చూశాను. కొబ్బరి వలిచే మనిషి కాబోలు, చేతుల నిండా పీచు గీరుకున్న మచ్చలు, మెడలో తువ్వాలు, నోరు కాస్త తెరుచుకుని ఉంది. ఆ నిర్వాహకుడుగారు నా జవాబు కోసం వంగే ఉన్నారు.

"లేపకండీ" అన్నాను. "వీలైతే ఆ స్టేజీ మీద అబ్బాయినే కాస్త మెల్లిగా మాట్లాడమనండి."