మాట అందించేవాళ్ళు

మా కోనసీమలో మాట తడబడిన మనిషిని అలా వదిలెయ్యరు. వెంటనే మాట అందిస్తారు. బస్సులో మీరు ‘రావుల...’ అని దగ్గితే చాలు, ముందు సీటూ వెనక సీటూ కలిసి ‘పాలెం’ అనేస్తాయి. పెళ్ళి భోజనాల దగ్గర ఒక పెద్దాయన ఏదో పాత సంగతి మొదలెట్టి, ‘వాడే, ఆ కొత్తపేట...’ అని బుర్ర గోక్కుంటే, నలుగురూ నాలుగు ఇంటిపేర్లు చెబుతారు. ఎదుటి మనిషి వెతుక్కుంటుంటే చూస్తూ కూర్చోవడం మా వైపు మర్యాద కాదు. నేనూ అలాగే పెరిగాను. బళ్ళో నా పాఠమూ అంతే. ‘భూమి సూర్యుడి చుట్టూ...’ అని నేను సగంలో ఆపుతాను, ‘తిరుగుతుందీ’ అని క్లాసంతా అందుకుంటుంది. ఎంతమందికి అర్థమైందో ఎవరికి తెలుసు? గొంతులైతే కలిశాయి కదా.

ఆ మర్యాద మీద నాకు ఒళ్ళు మండటం మొదలైంది మా ఆయనకి పక్షవాతం వచ్చిన దగ్గర్నుంచి.

ఆయన అమలాపురంలో కాలేజీ పిల్లలకి ఫిజిక్సు చెప్పి రిటైరైన మనిషి. మొదలెట్టిన వాక్యాన్ని చివరిదాకా తీసుకెళ్ళి చుక్క పెట్టి గానీ ఊపిరి పీల్చుకునేవారు కాదు. మధ్యలో ఎవరైనా మాట అందిస్తే కళ్ళజోడు తీసి తుడుచుకుని, మళ్ళీ మొదటినుంచీ ఎత్తుకునేవారు. చుట్టాల్లో ఆయనకి ‘నన్ను చెప్పనివ్వండి గారు’ అని పేరు. పెళ్ళైన కొత్తలో నాకది పొగరనిపించేది. తర్వాత అలవాటైపోయింది. ఇంకా తర్వాత, నిజం చెప్పాలంటే, ఆయన వాక్యం పూర్తయ్యేదాకా నేను వేరే పని చూసుకునేదాన్ని.

పనులకేం తక్కువ. పొద్దున్నే స్టవ్ ముందు నిలబడితే ఒక చేతిలో అట్లకాడ, ఇంకో చేతిలో ఫోను. బడి గ్రూపు, మా సంఘం ప్రార్థన గ్రూపు, అక్కచెల్లెళ్ళ గ్రూపు, వీధి గ్రూపు. బడికి బయల్దేరేలోపు వాటన్నిటికీ హాజరు పలకాలి. పలక్కపోతే సాయంత్రానికి ఎవరో ఒకరు గేటు దగ్గర నిలబడి, “ఏమ్మా, ఒంట్లో బాలేదా, మామీద కోపమొచ్చిందా?” అని అడుగుతారు. ఒకసారి ప్రార్థన గ్రూపులో ఒకాయన పొరపాటున, రేవులో గోదావరి దాటించే పంటు ఇవాళ తిరగదు అని పెట్టేశారు. కింద వరసగా ‘ఆమెన్’, ‘ఆమెన్’, చేతులు జోడించిన బొమ్మలు. పంటు తిరగకపోతే ఆమెన్ ఏమిటని ఒక్కరూ అడగలేదు. నేనూ అడగలేదు, నా ఆమెన్ కూడా అందులో ఉంది.

ఆయన పడిపోయింది అలాంటి ఒక పొద్దున్నే. టిఫిన్ తిని, చెయ్యి కడుక్కోవడానికి లేచి, పెరటి గుమ్మం దగ్గర కూలబడ్డారు. నోరు ఒక పక్కకి వెళ్ళిపోయింది. నేను కేక వేసేసరికి గోడవతల నుంచి, ఎదురింట్లోంచి అందరూ పరుగెత్తుకొచ్చేశారు. కారు ఎవరు తెచ్చారో, ఇంటికి తాళం ఎవరు వేశారో నాకు తెలియదు. రావులపాలెం సెంటర్లో అరటి గెలల లారీలు అడ్డంగా నిలిచిపోతే, ముక్కూ మొహం తెలియని మనుషులు రోడ్డు మీదకి దిగి చేతులు ఊపి మా కారుకి దారి చేశారు. రాజమండ్రి ఆసుపత్రిలో ఉన్నన్నాళ్ళూ కారియర్ ఎవరో ఒకరి ఇంటినుంచి వస్తూనే ఉంది. ఈ జనం లేకపోతే ఆయన లేరు. అందుకే వాళ్ళని తిట్టుకోవడం కూడా నాకు కుదరదు.

పలకరించడానికి వచ్చిన ప్రతివాళ్ళూ ఒకటే అడిగేవారు. “ఆ పొద్దున్న ఏమన్నా అన్నారాండీ? తల తిప్పుతుందనో, చెయ్యి లాగుతుందనో?”

“ఏమీ అనలేదండి. మామూలుగానే తిన్నారు, లేచేరు” అని చెప్పేదాన్ని. చెప్పీ చెప్పీ అది నాకు ఎక్కం లాగా కంఠతా వచ్చేసింది.

ప్రాణం దక్కింది, కుడి చెయ్యి సగం వచ్చింది. మాట మాత్రం ముక్కలైపోయింది. ఏం చెప్పాలో ఆయనకి తెలుసు, బుర్ర శుభ్రంగా ఉంది. కావలసిన మాట నాలుక మీదకి రాదు. మాటలు నేర్పించడానికి వచ్చే అమ్మాయి మొదటిరోజే నాకు గట్టిగా చెప్పింది. “మేడం, మీరు అందించకండి. ఎంతసేపైనా సార్‌నే వెతుక్కోనివ్వండి. మీరు అందించిన ప్రతిసారీ ఆయన వెతకడం మానేస్తారు.”

చెప్పడం తేలికే. ఒక మనిషి మాట కోసం ఆగడం ఎంత చాకిరో చేసినవాళ్ళకే తెలుసు. “నాకు...” అంటారు. ఆగుతాను. స్టవ్ మీద పాలు పొంగుతుంటాయి. “నాకు... ఆ...” అంటారు. ఫోను మోగుతుంది. తువ్వాలని నాకు తెలిసిపోతుంది, కళ్ళు బట్టలారేసిన తీగ మీదకే చూస్తున్నాయి. నోరు నొక్కుకుని నిలబడతాను. చివరికి “తువ్వాలు” అంటారు, నుదుటి మీద చెమటతో, గెలిచిన మొహంతో. ఆ మొహం చూసి సంతోషపడే ఓపిక కూడా ఒక్కోసారి ఉండేది కాదు. బడినుంచి వచ్చి, వంట చేసి, ఇలా ఆగి ఆగి, పడుకునే వేళకి నా నోటమాట కూడా వచ్చేది కాదు. దేవుడా, ఒక్క పూట ఎవరి మాటా వినకుండా ఉండనివ్వు అని ఏడ్చిన రోజులున్నాయి.

ఇక పలకరింపులకి వచ్చేవాళ్ళతో వేగడం ఇంకో ఎత్తు. ఆయన “నిన్న...” అనగానే “నిద్ర పట్టలేదాండీ?” అంటారు. తల అడ్డంగా ఊపితే “నొప్పాండీ?” అంటారు. అదీ కాకపోతే “పోన్లెండి సార్, కష్టపడకండి, మాకర్థమైంది” అని కాఫీ తాగి లేస్తారు. ఏమర్థమైంది నీ మొహం అని గుమ్మందాకా వెళ్ళి అడగాలనిపించేది. వెళ్ళి, “వెళ్ళొస్తారాండీ, ఆయ్” అని గేటు వేసి వచ్చేదాన్ని. కొన్నాళ్ళకి ఆయన ఎవరైనా వస్తే నోరు విప్పడమే మానేశారు. జవాబు అవతలివాళ్ళే చెప్పుకుంటుంటే ఈయన చెప్పడం దేనికి? నవ్వి ఊరుకునేవారు. ఆ నవ్వు ఆయనది కాదు. అది చూసి నాకు భయమేసింది. ఇన్నేళ్ళూ కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ మొదలెట్టిన మనిషి, ఊరంతా కలిసి చెప్పే మనిషిగా మారిపోతున్నారు.

ఏడాది తిరగబోతుంటే మా సంఘం పెద్దలు వచ్చారు. గండం గట్టెక్కినవాళ్ళు ఇంటి దగ్గర కృతజ్ఞత కూడిక పెట్టుకోవడం మాలో ఆనవాయితీ. ప్రార్థన, పాటలు, బాగుపడ్డ మనిషి లేచి సాక్ష్యం చెప్పడం, ఆ తర్వాత భోజనాలు. సాక్ష్యం ఎలా ఉంటుందో అందరికీ తెలుసు. వైద్యులు చేతులెత్తేశారు, నేను ప్రభువుకి మొరపెట్టాను, ఆయన లేవనెత్తాడు. చెప్పేవాళ్ళు మారతారు, మాటలు మారవు.

“సార్‌గారి బదులు మీరు చెప్పేద్దురుగాని టీచరుగారూ” అన్నారు పాస్టరుగారు.

కుర్చీలోంచి మా ఆయన ఎడమ చెయ్యి ఎత్తారు. “నేనే... చెప్తా.”

వాళ్ళు వెళ్ళాక నావైపు చూసి, చాలాసేపు కూడదీసుకుని, “ఎవరూ... అందించొద్దు” అన్నారు. ఎవర్నీ అందించనివ్వనని ఆయన చేతిలో చెయ్యి వేసి చెప్పాను.

రోజూ సాయంత్రం వరండాలో కూర్చుని సాధన చేసేవారు. పెరటి గుమ్మం, కారు, లారీలు. ‘అప్పుడు నాకు గుర్తొచ్చింది’ దాకా వచ్చి ఆగిపోయేవారు. ఆ తర్వాతేమిటని అడిగితే, “అక్కడే” అనేవారు. మాట దొరక్క అలా అంటున్నారనుకున్నాను. దేవుడే అయ్యుంటాడులే, ఇంకేముంటుంది అని కూడా అనుకున్నాను. అందించలేదు గానీ, మనసులో నేనూ ఆ ఖాళీని పూరించేశాను.

కూడిక రోజు వాకిట్లో షామియానా వేశారు. ముందు పాస్టరుగారు మాట్లాడుతూ, సార్‌గారిని దేవుడు ఎలా బతికించాడో మొత్తం తనే చెప్పేశారు. తర్వాత మైకు ఆయన ఎడమచేతికి ఇచ్చారు.

“ఆ రోజు... నేను... పెరటి...”

“గుమ్మం దగ్గర!” అన్నాయి నాలుగైదు గొంతులు.

నేను లేచాను. “దయచేసి అందించకండి. ఆలస్యమైనా ఆయన్నే చెప్పనివ్వండి.”

“ఆయ్, ఆయ్, అలాగేనండి” అన్నారందరూ. నిజంగానే ఊరుకున్నారు. నోళ్ళు ఊరుకున్నాక చేతులు లేచాయి, చేతుల్లో ఫోన్లు లేచాయి. వెనక ఎవరో “లైవ్ పెట్టేనండి” అని పక్కవాళ్ళకి చెబుతున్నారు. మా ఆయన ఆ ఫోన్ల వైపు చూశారు. అయినా చెప్పారు. ఒక్కో మాటే, బావిలోంచి చేద లాగినట్టు.

“కారులో... నోరు... రాలేదు. చచ్చిపోతా... ననుకున్నా. అప్పుడు... నాకు... గుర్తొచ్చింది...”

ఆగారు. ఇంకాసేపు ఆగండర్రా, ఇంకాస్త, అని లోపల్లోపల అందర్నీ బతిమాలుకుంటున్నాను.

“దేవుడు!” అంది ముందు వరసలో కూర్చున్న పెద్దావిడ, ఉండబట్టలేక. ఆవిడ మా ఆయన కోసం ఆసుపత్రి మెట్ల మీద ఉపవాసముండి ప్రార్థన చేసిన మనిషి.

“వాక్యం!” “సిలువ!” అన్నారు ఇంకెవరో.

“కాదు” అన్నారు మా ఆయన. స్పష్టంగా అన్నారు. ఏడాదిలో అంత శుభ్రంగా పలికిన మాట అదొక్కటే. దాని మీద అందరి ‘ఆమెన్’ వచ్చి పడింది.

పాస్టరుగారు జాలిగా నావైపు తిరిగారు. “సార్‌గారు కష్టపడుతున్నారమ్మా. మీకు తెలిసే ఉంటుంది కదండీ, మీరు చెప్పేయండి.”

“నాకు తెలీదండి” అన్నాను.

“భార్యకి తెలీకపోవడమేంటండీ” అని వెనక గుసగుస. ఇంతలో ఎవరో పాట ఎత్తుకున్నారు, డప్పు అందుకుంది, చప్పట్లు అందుకున్నాయి. ఆయన పెదాలు కదులుతూనే ఉన్నాయి, ఏమీ వినబడలేదు. పాట అయ్యాక ఆశీర్వాదం, దాని వెనకే భోజనాలు. చెప్పిన మాట నిలబెట్టుకోలేకపోయానన్న దుఃఖంతోనే నేను గరిటె పట్టుకుని, వాకిటి పక్కన వేసిన భోజనాల వరసల్లో వడ్డనలో పడ్డాను. ఆయన మొహం చూసే ధైర్యం లేక.

“సార్‌గారు భలే చెప్పేరండి” అంది వరసలో ఒకావిడ, కూర వేయించుకుంటూ.

“ఏం చెప్పేరండీ?” అన్నాను. గొంతు కాస్త లేచింది.

“అదేనండి... దేవుడి గురించి.”

గరిటెతో నెత్తిన మోదాలనిపించింది. ఇంకో ముక్క వేసి ముందుకి జరిగాను.

అప్పుడు షామియానా స్తంభానికి కట్టిన స్పీకరు గరగరమంది. మైకు సెట్టు అతను దాన్ని ఆపకుండానే భోజనానికి కూర్చున్నట్టున్నాడు. వాకిట్లో ఖాళీ కుర్చీల మధ్య మా ఆయన ఒక్కరే, ఎడమచేత్తో మైకు పట్టుకుని, కళ్ళు మూసుకుని ఉన్నారు.

“నాకు... గుర్తొచ్చింది... దేవుడు... కాదు.”

ముద్దలు నోటిదగ్గర ఆగాయి. ఈసారి అందించేవాళ్ళెవరూ లేరు, అందరి నోళ్ళూ నిండి ఉన్నాయి.

“ఆ పొద్దున్న... అట్టు... మాడింది. మా ఆవిడతో... అన్నాను. నీకు... ఈ ఇంట్లో... ధ్యాస... లేదు... అన్నాను. గట్టిగా... అన్నాను. తను... ఏమీ... అనలేదు. కారులో... తన ఒళ్ళో... నా తల. అదే... ఆఖరి మాట... అయిపోతుందని... ఏడుపొచ్చింది. నోరు... రాలేదు. ఇప్పుడు... వెనక్కి... తీసుకుంటున్నా.”

ఎవరో అలవాటు కొద్దీ ‘ఆమెన్’ అనబోయి మధ్యలో ఆపేశారు. అందరూ నావైపు చూస్తున్నారు. ముందు వరస పెద్దావిడ ఎంగిలి చెయ్యి అలాగే పట్టుకుని లేచి వచ్చింది. “ఏడాదినుంచీ మోస్తున్నారమ్మా పాపం. నువ్వూ బయటికి చెప్పకుండా ఎంత కడుపులో దాచుకున్నావో” అంది.

“ఆయ్” అన్నాను.

అట్టు మాడిన సంగతే నాకు గుర్తులేదు. ఆయన గట్టిగా అన్న ఆ మాట, నా ఎదురుగా కూర్చుని అన్న మాట, నా చెవిన పడలేదు. ఆ పొద్దున్న ఏ గ్రూపులో ఎవరికి హాజరు పలుకుతున్నానో అది కూడా గుర్తులేదు. ఏమీ అనలేదండి అని ఊరందరికీ చెప్పుకొచ్చాను, అది అబద్ధమని నాకే తెలియకుండా.

మైకులోనే అడిగారు. “విన్నావా?”

గరిటె గిన్నెలో పెట్టేశాను. “విన్నానండీ” అన్నాను, ఆయనకి వినబడేలా.

ఆ పొద్దున్న వినలేదని మాత్రం ఇంతవరకూ ఆయనకి చెప్పలేదు.