లెఫ్టినెంట్ల జట్టు గోల్‌కీపరును చూడబోయి

వరంగల్ నుంచి హైదరాబాదు పోదలచిన వారు పొద్దుటి పాసింజరు ఎక్కడమే మేలు. నాలుగు గంటల పైన పడుతుంది, ప్రతి స్టేషన్‌లో ఆగుతుంది, కానీ కూర్చోవడానికి చోటు దొరుకుతుంది. ఎక్స్‌ప్రెస్‌లో తలుపు దగ్గర నిలబడి పోయి నడుము పట్టేయించుకోవడం నాకు ఎప్పుడూ సరిపడలేదు.

ఎనభైల మొదట్లో ఒక నవంబరు పొద్దున నేనూ అయిలయ్యా ఆ బండే ఎక్కాం. నాది హనుమకొండ చౌరస్తాలో బట్టల దుకాణం. అయిలయ్య వరంగల్‌లో బట్టల మిల్లు కార్మికుడు, మిల్లు ఫుట్‌బాల్ జట్టుకు పదిహేనేళ్లుగా గోల్‌కీపరు. దుకాణదారుకూ గోల్‌కీపరుకూ కలిసి ప్రయాణం చేసే పని ఎందుకు పడిందో చెప్పాలంటే ముందు నా నోటి దూల గురించి చెప్పాలి.

దుకాణం మేడ మీద నేను చిన్న రీడింగ్ రూం నడిపేవాణ్ణి. రష్యా పుస్తకాలు చవగ్గా దొరికే రోజులవి. సోవియట్ సైన్యం వాళ్ల ఫుట్‌బాల్ క్లబ్బు చరిత్ర చెప్పే సన్నటి ఇంగ్లీషు పుస్తకం ఒకటి నా చేతికి చిక్కింది. ఆదివారాలు మిల్లు జట్టు ఆట ముగించుకుని వస్తే వాళ్లకు దాన్ని తెలుగులో చెప్పేవాణ్ణి. విప్లవానికి ముందు, మంచు మీద కాళ్లకు చెక్కలు కట్టుకుని జారే సరదా మనుషుల సంఘంగా ఆ క్లబ్బు పుట్టింది. తర్వాత సైన్యం చేతికి వచ్చింది. యుద్ధం ముగిశాక దేశపు కప్పులు గెలిచింది. ఆటగాళ్లకు సైన్యంలో హోదాలు ఉండేవి కాబట్టి జనం దాన్ని లెఫ్టినెంట్ల జట్టు అనేవారు. "మంచు మీద జారేటోళ్లు ఫుట్‌బాల్ ఎట్లాడిండ్లన్నా?" అని అయిలయ్య అడిగితే, "మనం మిల్లు నడుపుకుంట ఆడ్తలేమా?" అన్నాను. నేను మిల్లులో పనీ చేయను, ఆటా ఆడను. అయినా 'మనం' అన్నాను. నా తీరే అంత.

ఆ పుస్తకంలో ఒక చోట మాత్రం గండి ఉంది. ఒలింపిక్స్‌కు పోయిన దేశం జట్టులో ఎక్కువమంది ఈ క్లబ్బు వాళ్లే. ఓడిపోయి వచ్చారు. ఆ తర్వాత రెండేళ్లు క్లబ్బు పోటీల్లో లేదు. ఒక్క వాక్యం, అంతే. ఎందుకు లేదని అయిలయ్య అడిగాడు. తెలియదంటే పోయేది. కానీ పది పన్నెండు మంది నా మొహం వైపే చూస్తున్నారు. "జనరల్ సాబ్ టేషన్‌కు వచ్చి ఒక్కొక్కలను అలుముకున్నడు. ఓడితె ఏమాయె బిడ్డా, రెండేండ్లు ఆరాం తీసుకోని మల్ల ఆడుండ్రి అన్నడు," అని చెప్పేశాను. అందరూ చప్పట్లు కొట్టారు. నాకు బాగానే అనిపించింది.

ఆ ఏడు మిల్లు జట్టు వరసగా ఓడింది. లేబర్ ఆఫీసరు అయిలయ్యను పిలిచి, ఇక జట్టు తీసేస్తామని, మైదానంలో పత్తి బేళ్లు వేసుకుంటామని చెప్పాడు. అయిలయ్య ఊరుకోలేదు. జనరల్ కథంతా వినిపించాడు. ఆఫీసరు నవ్వి, "ఆ రష్యా టీమోళ్లు హైదరాబాదుల ఆడనీకి వస్తున్నరంట గదా. ఆ ముచ్చట వాళ్లతోని రాయించుకరా, అప్పుడు చూద్దాం," అన్నాడు. ఆయన ఎగతాళికి అన్నాడు. అయిలయ్య మాత్రం దాన్ని ఆఫీసరు ఇచ్చిన మాటే అనుకున్నాడు. అక్కణ్ణుంచి నేరుగా నా దుకాణానికి వచ్చి, "అన్నా, నీకు ఇంగ్లీష్ వస్తది. నువ్వు రావాలె," అన్నాడు. అప్పుడే నిజం చెప్పి ఉంటే సరిపోయేది. ఎదురుగా గిరాకీలు కూర్చున్నారు, వాళ్ల ముందు ఏం బాగుంటుందని నాకు నేనే సాకు చెప్పుకుని, "పోదాం తీయ్," అన్నాను.

బండి ఆరున్నరకు కదిలింది. కాజీపేటలో ఇంజను పనేదో పడి ఇరవై నిమిషాలు ఆగింది. ప్లాట్‌ఫారం మీద చాయ్ తాగాం. ఘన్‌పూర్‌లో సీతాఫలాల గంపతో ఒక పెద్దమ్మ ఎక్కి మా ఎదుట కూర్చుంది.

"ఏడికి పోతాండ్లు బిడ్డా?" అని అడిగింది.

అడగడమే పాపం, అయిలయ్య మొదలుపెట్టాడు. మిల్లు, ఆఫీసరు, రష్యా, స్టేషన్‌కు వచ్చిన జనరల్, అన్నీ చెప్పాడు. నేను ఒక్క మాటలో చెప్పిన ఆ కౌగిలింత అతని నోట్లో పెద్దదైపోయింది. జనరల్ కంట నీళ్లు కూడా పెట్టుకున్నాడు.

"గంత పెద్ద సాబు గట్లన్నడా!" అంది పెద్దమ్మ.

"అబద్ధమైతె ఈ అన్నను అడుగు. పుస్తకంల సదివిందే ఈయన."

ఆమె నా వైపు తిరిగి, "నిజమేనా కొడుకా?" అంది. ఆఁ అని కిటికీ వైపు తిరిగాను. బయట వరి కోతలు సాగుతున్నాయి. ఆ పెద్దమ్మ గంపలోంచి నాలుగు మంచి కాయలు ఏరి, "ఆ రష్యాయనకు నా పేరు చెప్పి ఇయ్యుండ్రి," అంటూ అయిలయ్య తువ్వాలులో వేసింది. అమ్ముకునే కాయలు.

జనగామలో ఎక్కిన బడిపంతులు ఒకాయన ఇదంతా విని, "ఓడినోళ్లను యాడనన్న ముద్దు చేస్తరా అయ్యా?" అన్నాడు. అయిలయ్యకు కోపమొచ్చింది. ఆలేరు దాకా ఆయనతో వాదించాడు, నన్ను సాక్ష్యం పెట్టుకుని. భువనగిరి గుట్ట కనిపించే వేళకు పెట్టె అంతటికీ మా పని తెలిసిపోయింది. పది ముప్పావుకు సికింద్రాబాదులో దిగుతుంటే ముక్కూ మొహం తెలియని వాళ్లు కూడా, "కాయితం తెచ్చుకోండ్రి, మంచిది," అని దీవించారు.

సిటీ బస్సులో నాంపల్లి చేరి, స్టేషన్ దగ్గరి సందులో ఒక లాడ్జీలో గది తీసుకున్నాం. రెండు మంచాలు, ఒక కూజా, నల్లులు. శాకాహారులు ఎవరైనా ఉంటే అక్కడి ఇరానీ హోటల్లో బన్నూ చాయ్‌తో సరిపెట్టుకోవాలి. నేను అదే చేశాను. అయిలయ్య బిర్యానీ తింటూ, "గందుకే అన్నా, మీ కోమటోళ్లల్ల గోల్‌కీపర్లు పుట్టరు," అని ఆటపట్టించాడు. మామూలు రోజైతే నాలుగు మాటలు తిరగేసి అనేవాణ్ణి.

మ్యాచ్ మూడున్నరకు ఫతే మైదానంలో. ఎండ మొహాన కొట్టే వైపు చవక టికెట్లు దొరికాయి. రష్యా సైన్యం జట్టు సునాయాసంగా గెలిచింది. మిగతా జనం బంతిని చూస్తుంటే అయిలయ్య మాత్రం ఆ గోల్‌కీపరు కాళ్లనే చూశాడు. "సూడన్నా, బాల్ రాకముందే జరుగుతాండు. మనం వచ్చినంక దుంకుతం. గదే ఫరక్," అన్నాడు. ఆట ముగిశాక, జట్టును కలవనీయకుండా గేటు దగ్గర పోలీసు మమ్మల్ని ఆపితే నాకు ప్రాణం లేచి వచ్చింది. ఇక పోదాం పద అనబోయాను. ఇంతలో ఆ పోలీసే అయిలయ్య తువ్వాలు మూట చూసి మెత్తబడి, "రేపు పొద్దుగాల ఏడింటికి ప్రాక్టీస్ ఉంటది, అప్పుడు రా," అన్నాడు. లాడ్జీలో నిద్రపట్టక దొర్లుతున్నందుకు నల్లుల మీద నెపం పెట్టాను.

మర్నాడు ఏడింటికి ముందే మైదానంలో ఉన్నాం. ఆటగాళ్లు పరుగులు తీస్తున్నారు. గట్టు పక్క బల్ల మీద అరవైకి దగ్గరపడ్డ ఒకాయన బూట్లు తుడుస్తూ కూర్చున్నాడు. జట్టు సామాను చూసుకునేది ఆయనే. పక్కన ఇంగ్లీషు తెలిసిన కళ్లజోడు దుబాసీ ఉన్నాడు. పలకరిస్తే, ఆ పెద్దాయన ఒకప్పుడు ఇదే జట్టులో గోల్‌కీపరని, ఓడిపోయిన ఆ రోజుల్లో జట్టులోనే ఉన్నాడని దుబాసీ చెప్పాడు. నేను దాన్ని తెలుగులో చెప్పగానే అయిలయ్య సీతాఫలాలు ఆయన ఒళ్లో పెట్టి, వంకరపోయిన తన చిటికెన వేలు చూపించాడు. పెద్దాయన తన వేలూ చూపించాడు. అదీ వంకరే. ఇద్దరూ నవ్వుకున్నారు.

"ఇగ అడుగన్నా," అన్నాడు అయిలయ్య.

అడిగాను. ఓడి వచ్చాక మీ జట్టును ఏం చేశారు అని ఇంగ్లీషులో సరిగ్గానే అడిగాను. దుబాసీ రష్యన్‌లో చెప్పాడు. పెద్దాయన చేతిలో బూటు కింద పెట్టాడు. చాలాసేపు నేల చూస్తూ మాట్లాడాడు. దుబాసీ గొంతు తగ్గించి నాకు ఇంగ్లీషులో చెప్పింది ఇదీ: "మమ్మల్ని వరసలో నిలబెట్టి ఒక కాగితం చదివారు. జట్టు రద్దయింది. తలా ఒక ఊరికి పంపేశారు. నన్ను లారీ నడపమన్నారు. రెండేళ్లకు మళ్లీ జట్టు పెట్టారు, కానీ అప్పటికి నా మోకాలు పోయింది. మళ్లీ గోలు ముందు నిలబడలేదు."

"ఏమంటాండన్నా?" అయిలయ్య నా భుజం పట్టుకుని ఊపుతున్నాడు. ఆ కళ్లలోకి చూసి నిజం చెప్పే ధైర్యం నాకు లేకపోయింది.

"మనం అనుకున్నదే. జనరల్ టేషన్‌కు వచ్చి అలుముకున్నడంట," అన్నాను.

అయిలయ్య ఎగిరి గంతేశాడు. "శభాష్! గట్లుండాలె!" అని పకపకా నవ్వుతూ పెద్దాయన రెండు చేతులూ పట్టుకుని ఊపాడు. పెద్దాయన మొహం పాలిపోయింది. మెల్లగా చేతులు వెనక్కి తీసుకుని దుబాసీ వైపు చూశాడు. దుబాసీ నా వైపు చూశాడు. అతనికి అర్థమైపోయింది. నా జీవితంలో ఎవరూ నన్ను అలా చూడలేదు. అయిలయ్య కాగితం, పెన్ను చాపితే పెద్దాయన కాసేపు ఆలోచించి, రష్యన్‌లో మూడు వరసలు రాసి, సంతకం చేసి ఇచ్చాడు. ఏం రాశాడని దుబాసీని అడిగాను. "మీరు బాగా అనువదిస్తారు కదా, మీరే చదివి చెప్పండి," అని మొహం తిప్పుకున్నాడు. సీతాఫలాలు బల్ల మీదే ఉండిపోయాయి.

ఒంటిగంట పాసింజరులో తిరుగుప్రయాణం. అయిలయ్య నాకు కిటికీ పక్క చోటు పట్టి, ఘట్‌కేసర్‌లో పల్లీలు కొని నా చేతిలో పోశాడు. "సదువన్నా," అని కాగితం ఇచ్చాడు. ఒక్క అక్షరం కూడా నాకు తెలియదు. వేలు పెట్టి చదివినట్టే చదివాను. జనరల్ స్టేషన్‌కు వచ్చాడు, అలుముకున్నాడు, ఓడినవాళ్లకు ఆరాం ఇచ్చారు, మీ మిల్లు జట్టును కూడా ఉంచండి. అతను కళ్లు మూసుకుని విన్నాడు. ఆలేరు దాటాక మళ్లీ చదవమన్నాడు. ఈసారి జనరల్‌ను మైదానానికి రప్పించాను.

"టేషన్ అన్నవు గదన్నా ఇందాక?"

"ఆఁ, టేషనే. తప్పు సదివిన."

అయిలయ్య కాగితం తీసుకుని తిప్పి తిప్పి చూశాడు. "మూడు లైన్లే ఉన్నయి. నువ్వు గంతసేపు సదివినవు." కాగితం మడుస్తూ, "నీకు రష్యా భాష వస్తదా అన్నా?" అన్నాడు. గొంతులో కోపం లేదు, అడిగాడంతే.

"రాదు," అన్నాను. ప్రయాణం మొదలయ్యాక నేను చెప్పిన మొదటి నిజం అది. ఆ తర్వాత అన్నీ చెప్పాను. పుస్తకంలో గండి, నేను అల్లిన జనరల్, పొద్దున పెద్దాయన అసలు ఏం చెప్పాడు, ఆ రద్దు కాగితం, లారీ, మోకాలు, అన్నీ. జనగామ నుంచి రఘునాథపల్లి దాకా పట్టింది. అంతటితో ఆగినా బాగుండేది. "ఆఫీసరుకు రష్యన్ రాదు గదా. నేను సదివిందే చెప్పు, నడుస్తది," అని కూడా అన్నాను. ఇది రాస్తుంటే ఇప్పుడు కూడా చెవులు కాలుతున్నాయి.

"ఆఫీసరు ఫికర్ నీకెందుకు? ఉన్నదున్నట్టు చెప్త. టీము పోతె పోతది," అన్నాడు అయిలయ్య.

ఘన్‌పూర్ దాటింది, మడికొండ దాటింది. సూర్యుడు కిందికి వాలాడు. కాజీపేటలో బండి ఆగుతుంటే అయిలయ్య లేచి సంచి భుజాన వేసుకున్నాడు. మా ఇద్దరి టికెట్లూ వరంగల్ దాకా ఉన్నాయి. అతని ఇల్లు వరంగల్‌లోనే, మిల్లు కాలనీలో.

"ఇక్కడ దిగుతానవేంది అయిలయ్యా? ఇంకో స్టేషనే గదా," అన్నాను.

తలుపు దగ్గర ఆగి నా వైపు తిరిగాడు. అతని కళ్లు తడిగా ఉన్నాయి.

"టీము పోయినందుకు గాదన్నా నా బాధ. నువ్వు నిజం చెప్తె నేను ఆయన పక్కన కూసుందును. ఆయనా గోల్‌కీపరే, నేనూ గోల్‌కీపర్‌నే. ఆయన బతుకు ఆగమైన ముచ్చట చెప్తాంటె, ఆయన మొఖం ముందట నన్ను నవ్వించినవు."

దిగి, ప్లాట్‌ఫారం మీద జనంలో కలిసిపోయాడు. బండి కదిలింది. వరంగల్ దాకా పది నిమిషాలు, ఎదుటి సీటు ఖాళీగానే ఉన్నా, నేను తలెత్తలేకపోయాను.