పొడిబట్టల సంచి

మొన్న ఆదివారం పొద్దున్న ఆరున్నర. మబ్బు పట్టి ఉంది, సన్నగా చలిగాలి. కాలువ రేవులో నేను చేసిన ఘనకార్యం ఈపాటికి మండపేటంతా తెలిసిపోయింది. అందుకే నా నోటితో నేనే చెప్పేస్తున్నా. వణుకు ఇంకా పూర్తిగా తగ్గలేదు.

ఆ రోజు మా కరుణకి బాప్తిస్మం. ఇంటర్ చదువుతోంది. మాకు ఒక్కతే. దాంతోపాటు ఇంకో ముగ్గురు: కొత్తగా పెళ్ళైన జంట, రైస్ మిల్లు దగ్గర కాపలా ఉండే అప్పారావు తాత. అందరం ట్రాక్టర్‌లో రేవుకి వెళ్ళాం.

బైబిల్ వాక్యం చదివే పని నాకిస్తారనుకున్నా. అద్దం ముందు నిలబడి ప్రాక్టీస్ కూడా చేశా. తీరా పాస్టరుగారు, "అమ్మా, మార్తమ్మగారికి మోకాళ్ళ నొప్పులు. ఈసారి పొడిబట్టల సంచి మీరు పట్టుకోండి" అన్నారు.

సంచా! మొహం ముడుచుకున్నా.

ఎన్నో ఏళ్ళుగా ఆ పని చేసేది మార్తమ్మగారే. సంచి నా చేతిలో పెట్టి మెల్లగా అన్నారు. "చిన్న పననుకోకమ్మా. నీళ్ళలోంచి లేచినవాళ్ళు మొదట చూసే మొహం నీదే. తువ్వాలు రెండు చేతులా కప్పాలి, నవ్వుతూ కప్పాలి. దేవుడి పని మొహం మాడ్చుకుని చేస్తే ఎలా?"

"అలాగేనండి" అన్నా. నవ్వడం ఎంత పని!

మొదట కరుణే దిగింది. పాస్టరుగారు దాన్ని ముంచారు. లేపాలిగా? లేపలేదు! అడుగున బురదకి ఆయన కాలు జారింది. ఇద్దరూ కనపడలేదు. నీళ్ళ మీద తెల్ల చున్నీ ఒక్కటే తేలుతోంది.

నాకు ఈత రాదు. ఆ సంగతి అప్పుడు గుర్తు రాలేదు. "ఓరి నాయనో, నా పిల్ల!" అని దూకేశా. సంచితో సహా!

నీళ్ళలో కళ్ళు తెరిచా. ఆకుపచ్చ వెలుగు. చప్పుడన్నదే లేదు. కాళ్ళకి నేల దొరకలేదు. 'ప్రభువా, దాన్ని పైకి తియ్యి' అనుకున్నా. నా గురించి అడగాలని కూడా తోచలేదు. అప్పుడే ఎవరో నా మణికట్టు గట్టిగా పట్టుకుని లాగారు.

కళ్ళలో నీళ్ళు తుడుచుకుని చూస్తే, కరుణ. నవ్వుతోంది.

"అమ్మా, నిలబడు. నిలబడితే చాలు."

నిలబడ్డా. నీళ్ళు నా నడుందాకే ఉన్నాయి!

పక్కనే పాస్టరుగారు దగ్గుతూ, "మీకు పెళ్ళికి ముందే ఇచ్చేశారు కదండీ బాప్తిస్మం!" అన్నారు.

గట్టు మీంచి అప్పారావు తాత, సంచిలోంచి జారి కొట్టుకుపోతున్న తన పొడి పంచెని చూసి గోల. "నన్నింకా ముంచనేలేదు. నా పంచెకి అప్పుడే ఇచ్చేశావేంటమ్మా!"

తడిసిన సంచితోనే గట్టెక్కి కూలబడ్డా. కరుణ సంచిలోంచి ఒక తువ్వాలు తీసి పిండింది. నా ముందు మోకాళ్ళ మీద కూర్చుని నా పాదాల బురద తుడవడం మొదలుపెట్టింది.

"వద్దే! ఇవాళ నీ రోజు. నువ్వు తుడవడమేంటి?"

"ఉండమ్మా. నాకు దొరికిన మొదటి పని. చెయ్యనీ."

మార్తమ్మగారు చెప్పిన ఆ మొదటి మొహం గుర్తొచ్చింది. నేను దానికి చూపించాల్సింది, అదే నాకు చూపించింది. పుట్టినప్పటి నుంచీ నేను చూస్తున్న మొహమే. కానీ అలా వెలగడం ఎన్నడూ చూడలేదు.

మిగతా ముగ్గురికీ బాప్తిస్మం అయ్యింది. మార్తమ్మగారు నొప్పులతోనే లేచి, తడి తువ్వాళ్ళే పిండి, రెండు చేతులా కప్పారు. నవ్వుతూనే. తాత పళ్ళు టకటకలాడుతున్నా "స్తోత్రం, స్తోత్రం" అన్నాడు. వచ్చేటప్పుడు ట్రాక్టర్‌లో అందరూ వణుకుతూనే పాటలు.

"ఈసారి వాక్యం చదువుతారా?" పాస్టరుగారు అడిగారు.

"వద్దండీ. సంచే ఇవ్వండి."

"ఇవ్వండి, కానీ ముందు ఈవిడ్ని ట్రాక్టర్‌కి కట్టేయండి" అన్నారు మావారు.

చర్చి ముందు దిగాక నిలబడి లెక్క చూసుకున్నా. కరుణ ఉంది. మావారున్నారు. ఆ జంట, మార్తమ్మగారు, పాస్టరుగారు, చలికి ముడుచుకుపోయిన తాత. అందరూ క్షేమంగా వచ్చేశారు.

రానిది తాత పంచె ఒక్కటే.