రీయూనియన్‌లో రెండు దాటితే భోజనం లేదు

చదివి తెలుసుకున్నది తెలిసినట్టు కాదని కొందరి నమ్మకం. అది వింటే నాకు ఒళ్లు మండుతుంది.

మేముండే బెడోక్ పేటలో మా పక్క ఫ్లాట్ ఆవిడ, షుగర్ ఉన్న అత్తగారితో సహా కుటుంబమంతా రీయూనియన్ దీవికి బయల్దేరారు. దాని గురించి లైబ్రరీలో దొరికినవన్నీ చదివిన నేను ముందే చెప్పాను: "అక్కడ అంతా ఫ్రెంచి పద్ధతి. మధ్యాహ్నం రెండు దాటితే చాలా హోటళ్లలో వంటిల్లు మూసేస్తారు. మళ్లీ రాత్రికే. పెద్దావిడకి తినడానికి ఏదైనా దగ్గరుంచుకోండి."

"మీరెప్పుడు వెళ్లొచ్చారక్కా?" అని ఆవిడ నవ్వింది. "ఇక్కడిలా రోజంతా తిండి దొరికే హాకర్ సెంటర్ ఎక్కడో ఒకటి ఉండదా?"

అగ్నిపర్వతం చూసి ఆలస్యంగా దిగారట. ఏ హోటల్లోనూ భోజనం దొరకలేదు. అత్తగారికి షుగర్ పడిపోయింది. చివరికి దారిలో ఎవరో ఇచ్చిన అరటిపళ్లు ఆదుకున్నాయి.

తిరిగొచ్చాక వాళ్లింట్లో ఆవిడ నన్నే నిలదీసింది. "అంత తెలిసినప్పుడు కాస్త గట్టిగా చెప్పొద్దా అక్కా?"

నేను నోరు తెరిచేలోపే సోఫాలోంచి అత్తగారు అందుకున్నారు. "గట్టిగానే చెప్పింది. నాకు వినబడింది. నన్నడిగిందెవరు?"

మర్నాడు లైబ్రరీకి ఆ పెద్దావిడను వెంటబెట్టుకెళ్లాను. కోడల్ని పిలవలేదు.