మూడు గ్లాసుల పరీక్ష

మా బావగారు ఆకివీడులో రొయ్యల తాజాతనాన్ని వాసనతో తేల్చే ఉద్యోగి. జ్వరం వచ్చి ముక్కుకు వాసన తెలియకుండా పోయింది. అది తిరిగి రాకపోతే ఉద్యోగం పోతుంది. అందుకే ముక్కుకు సాధనగా ఆదివారాలు తాడేపల్లిగూడెంలోని మా ఇంటికి వచ్చి, ఓక్ పీపాల్లో మాగిన షార్డొనే వైన్‌ను మూడు గ్లాసుల్లో పోయించుకునేవారు. గ్లాసుకొక సంవత్సరం చొప్పున 2018, 2019, 2021ల వైన్ పోస్తే, ఏది ఏ సంవత్సరానిదో వాసన, రుచి చూసి చెప్పాలి. తప్పినప్పుడల్లా ఆయనే నాతో, "రాసుకోండి బావగారూ, వచ్చే వారం చూద్దాం" అనేవారు.

పదకొండో ఆదివారం మూడూ సరిగ్గా చెప్పారు. ఊహించి చెప్పినా ఆరింట ఒకసారి అలా కుదురుతుంది కనుక నేను నమ్మలేదు. పన్నెండో ఆదివారం మూడు గ్లాసుల్లోనూ 2019దే పోశాను.

ఆయన ఒక్కొక్కటీ రెండేసిసార్లు వాసన చూశారు, గుక్కెడు తాగారు, నావైపు చూశారు.

"పరీక్ష నా ముక్కుకాండీ, నా ఓపికకా? మూడూ పంతొమ్మిదివే. రాసుకోండి బావగారూ, రేపే పనిలోకి వెళ్తున్నాను."