జపాన్ తాత నడక

బ్లాక్‌టౌన్‌లో ఆదివారం ఆరాధనయ్యాక చర్చి హాల్లో భోజనాలు మొదలయ్యాయంటే ఎబెన్‌ని ఎవరో ఒకరు లేపాల్సిందే. "ఏదీ, మీ జపాన్ తాత ఓసారి నడవాలి!" అంటారు. నరసాపురం నుంచి ఈ దేశానికొచ్చి యూనివర్సిటీలో సినిమా చదువుకుంటున్న ఈ సన్నటి కుర్రాడికి కుజే అనే ముసలి జపాన్ నటుడంటే ప్రాణం. టీ కాచుకునేటప్పుడు ఆయనలాగే మెడ వాలుస్తాడు, రైలు కోసం ఆయనలాగే చేతులు వెనక్కి కట్టుకుని నిలబడతాడు. హాల్లోనైతే ఆయనలాగే ముందుగా తలుపు పట్టుకుని ఒక క్షణం ఆగి, ఎడమకాలు ఈడ్చుకుంటూ బిర్యానీ బల్ల దాకా వస్తాడు. జనం పడీపడీ నవ్వుతారు.

మొన్న క్లాసులో కుజే పాత ఇంటర్వ్యూ వేశారు. వయసులో ఉండగా షూటింగులో గుర్రం మీంచి పడ్డాడట, కాలు సరిగ్గా అతకలేదట. "నా నడకని అందరూ నటన అన్నారు. నేను నటించిందల్లా దాన్ని దాచడానికే. తలుపు పట్టుకునేది నొప్పికి," అన్నాడాయన. ఎబెన్ చెవులు కాలిపోయాయి.

ఈ ఆదివారం మళ్లీ లేపారు. "వద్దాంటీ, ఎగ్జామ్స్ కదా, ఫుల్ టయర్డ్‌గా ఉన్నా," అన్నాడు తలెత్తకుండా.

"ఏంట్రా బిల్డప్పు! జ్ఞానరాజు అంకుల్ కోసమైనా చేసి చూపించు. ఫస్ట్ క్లాప్స్ కొట్టేది ఆయనేగా," అంది కరోలిన్ ఆంటీ.

ఎబెన్ అటు చూశాడు. వేర్‌హౌస్‌లో సరుకులెత్తే ఫోర్క్‌లిఫ్ట్ బండి గుద్దినప్పటి నుంచీ కుంటుతున్న జ్ఞానరాజు, ఎడమకాలిని కుర్చీ కిందికి లాక్కుని, నవ్వుతూ, అందరికంటే ముందే చప్పట్లు మొదలుపెట్టాడు.