ఆరో ఫైలు

లారీలు తూచే కాటాలకు ఎలక్ట్రానిక్ బోర్డులు చేసే మా షాపులో పనిచేసిన సారు పోయారు. ఆ మాట చెప్పినవాడు ఎర్రగుంట్ల టీ కొట్టులో బజ్జీ నములుతూ చెప్పాడు. నేను టీ గ్లాసు బల్ల మీద పెట్టేశాను.

నేను బోర్డులకు డబ్బాలు బిగించేవాణ్ణి. ఐదో తరగతి చదువు. చిప్పు ఏ కాలికి ఏ తీగ తగిలిందో, దాన్ని నడిపించే గడియారం ముక్క వేగమెంతో కంప్యూటర్‌లో ఒక ఫైలుగా రాస్తారని, దాన్నిబట్టే బోర్డు పనిచేస్తుందని సారే నాకు చెప్పారు. ఐదో తరగతి వాడికి ఇవెందుకని ఆయన ఎన్నడూ అనలేదు. చిప్పు కాలిపోకుండా, దాన్ని తాకే ముందు ఒంట్లో కరెంటు దిగడానికి కొళాయి గొట్టం ముట్టుకునేవారు, నన్నూ ముట్టుకోమనేవారు.

మావి ఆరు రకాల చిప్పులు, ఒకే జాతివి. అన్నిటికీ ఉమ్మడిగా ఉండేదంతా సారు ఒకే ఫైలులో రాసేవారు. తేడా ఉన్న నాలుగు వరుసలు మాత్రం ఒక్కోదానికి విడిగా.

"అన్నదమ్ములు ఆరుమందుంటే ఆరు బావులు తవ్వుతామాప్పా? బావి ఒకటే, ఎవురి బిందె వాళ్ళది" అనేవారు.

షాపు యజమాని అల్లుడికి అది నచ్చలేదు.

"ఏం సార్, ఇంతేనా రాసింది? ఆరు పెద్ద ఫైళ్ళుంటే గదా పని కనపడేది!"

"రేపు ఒగ వరుస మారితే ఆరు చోట్లా మార్చాల. ఒగటి మర్సిపోతావు నాయనా."

"నేనేమన్నా ముసిలోణ్ణా?"

సారు రాసిందంతా అతనే ఆరుసార్లు దించి ఆరు పెద్ద ఫైళ్ళు చేశాడు. తర్వాత బోర్డు మీద గడియారం ముక్క మార్చాం. వేగం చెప్పే వరుస అన్ని ఫైళ్ళలో మార్చాలి. ఐదు మార్చాడు, సెల్‌ఫోన్ మోగింది, లేచిపోయాడు. నేను పక్కనే ఉన్నాను. చూశాను. నోరు తెరవలేదు.

ఆరో రకం బోర్డులు కోడుమూరు పోయాయి. కాటాల మీద అంకెలు పిచ్చిపిచ్చిగా వచ్చాయి. లారీలు ఎండలో నిలిచాయి.

"ముసిలి బుద్ధి! నీ రాతతోనే షాపు పరువు పాయ" అని యజమాని అందరి ముందు సారును తిట్టాడు. అల్లుడు గోడ చూశాడు. సారు ఒక్కసారి నా వైపు చూశారు. నేను కింద పడని స్క్రూ కోసం వంగి వెతికాను. సారు గొడుగు తీసుకొని వెళ్ళిపోయారు. ఆ తర్వాత ఆయన్ను ఎవరూ పనికి పిలవలేదు.

సంతాప సభలో ఆ అల్లుడే దండ వేసి "మా గురువుగారు" అన్నాడు. నాకు అసహ్యమేసింది. అతణ్ణి చూసి కొంత, నన్ను చూసుకొని ఎక్కువ. అన్నం తినకుండా సారు ఇంటికి వెళ్ళాను.

"అమ్మా, తప్పు సారుది కాదు. నేను చూసినా" అన్నాను ఆయన భార్యతో.

"తెల్సప్పా. ఆయన ఆ దినమే చెప్పినాడు. ఆ డబ్బాలు బిగించే మనిషి చూసినాడు, సిగ్గరి, నిదానంగా ఇంటికొచ్చి చెప్తాడులే అన్యాడు. సాయంత్రమైతే వాకిట్లో రెండు కుర్చీలు ఏసుకొని కూసుంటాండె."

రెండూ అక్కడే ఉన్నాయి. ఒకదాని ప్లాస్టిక్ పట్టీలు కూర్చుని కూర్చుని సాగిపోయాయి. రెండోదాని పట్టీలు ఇంకా బిగువుగా, కొత్తవాటిలా ఉన్నాయి.